నిద్రలో ఆపవద్దు

పేర్ల దగ్గర భానుమూర్తిగారితో పెట్టుకోవాలంటే ఆ ల్యాబులో అందరికీ హడలే. మామూలుగా ఆయన మెత్తటి మనిషి. ఎవరైనా సెలవడిగితే ఎందుకని కూడా అడగరు. కానీ చిప్పు వివరాల్లో ఒక పేరు నచ్చకపోతే మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టేస్తారు. కళ్ళజోడు బల్ల మీదికి వచ్చిందంటే ఆ పూట భోజనాలు ఆలస్యమన్నమాట.

ఆ శుక్రవారం కళ్ళజోడు బల్ల మీదే ఉంది. దాని పక్కన పళ్ళెంలో ఉస్మానియా బిస్కెట్లు ఉన్నాయి. అవి సుగుణ తెచ్చినవి. ఆమె భర్త జయరాజ్‌కి సికింద్రాబాదులో బేకరీ ఉంది. వారం వారం ఒక డబ్బా ల్యాబుకు పంపకపోతే అతనికి తోచదు.

"కీప్ ఆన్ ఇన్ స్లీప్," అని తెర మీద చదివారు భానుమూర్తిగారు. "నిద్రలో ఆపవద్దు! ఇదేం పేరమ్మా సుగుణా? ఇది పేరు కాదు, ఆజ్ఞ. మనం వస్తువేమిటో చెప్పాలి గానీ, డ్రైవర్ ఏం చెయ్యాలో ఇక్కడ కూర్చుని చెప్పకూడదు."

డ్రైవరంటే బస్సు నడిపే మనిషి కాదు. అదొక ప్రోగ్రాము. ఆ ల్యాబు తయారుచేసి మనుషుల తలలో పెట్టే చిన్న చిప్పుకు కరెంటు కొలిచి పోసే భాగాన్ని వోల్టేజి రెగ్యులేటర్ అంటారు. దానికి ఎప్పుడు ఎంత పోయాలో చెప్పేది డ్రైవర్. ఆ చిప్పు ఎలాంటిదో, దానికేం పడుతుందో, ఏం పడదో అన్నీ పేర్ల రూపంలో చిప్పులోనే చెక్కి ఉంటాయి. వాటిని ప్రాపర్టీలంటారు. శంషాబాదులో అమ్మే ప్రాపర్టీలకూ వీటికీ సంబంధం లేదు గానీ, వీటి మీదా తగాదాలు బాగానే జరుగుతాయి. డ్రైవర్ లేవగానే ఆ పేర్లు చదువుకుని, దాన్నిబట్టి నడుచుకుంటుంది. తెలిసిన పేరైతే మన్నిస్తుంది. తెలియని పేరైతే కేకలేం పెట్టదు. పెళ్ళిలో తెలియని చుట్టాన్ని దాటుకుంటూ పోయినట్టు మాట్లాడకుండా దాటిపోతుంది.

"మనిషి నిద్రపోగానే కరెంటు ఆపి బ్యాటరీ మిగుల్చుకోవడం డ్రైవర్ అలవాటు కదా సార్," అంది సుగుణ. "జ్ఞాపకాలుండే భాగానికి అట్ల ఆపకూడదని అప్పట్ల తొందర్ల పెట్టిన పేరది. మారుద్దాం. రిటెన్షన్ సప్లై అంటే?"

"పట్టి ఉంచే సరఫరా! అలా అన్నావు బావుంది. వస్తువు పేరు అది," అంటూ భానుమూర్తిగారు కళ్ళజోడు తీసుకున్నారు. అంతలోనే మళ్ళీ ఆగారు. ఆ ల్యాబులో ఒక ఆచారం ఉంది. బయటికి వెళ్ళిన పేరును తీసెయ్యకూడదు. కొత్త పేరు ఎంత బాగున్నా సరే, పాతదాన్ని కూడా డ్రైవర్ గుర్తుపట్టేలా ఉంచాలి. "పాత పేరుతో బయటికెళ్ళిన పరికరాలేమైనా ఉన్నాయా?"

"ఏం లేవు సార్. ఆస్పత్రికి పోయే చిప్పులన్నీ ఇంకా పెట్టెలోనే ఉన్నయ్. పేర్లు ఖాయమయ్యాకే చెక్కుదామని."

"అయితే పాతది పీకెయ్. చెత్త ఎందుకు మోయడం?"

అందరూ తలూపారు. తలా ఒక బిస్కెట్టు తీసుకున్నారు. ఆ బిస్కెట్లు చేసిన మనిషి తలలో అదే పాత పేరు చెక్కిన చిప్పు ఒకటి ఉందని ఆ గదిలో ఒక్కరికీ తట్టలేదు. తెలియక కాదు. అందరికీ తెలుసు. సుగుణకైతే తెలియడమేమిటి, ఆ పేరు చెక్కిన చెయ్యే ఆమెది.

పెళ్ళయిన కొత్తలో ఒక వేకువజామున బేకరీలో గ్యాసు లీకై జయరాజ్ పొయ్యి దగ్గరే పడిపోయాడు. ప్రాణం దక్కింది గానీ కొత్త సంగతులు పట్టి ఉంచే చోటు మెదడులో మాడిపోయింది. పాతవన్నీ ఉన్నాయి. కొత్తది మాత్రం ఏదీ నిలిచేది కాదు. పొద్దున్న అన్నం తిని, చెయ్యి కడుక్కుని వచ్చి, మళ్ళీ అన్నం పెట్టమనేవాడు. ఆ రోజుల్లోనే అతని తండ్రి చనిపోతే, ఆ వార్తను అతనికి ఎన్నిసార్లు చెప్పాల్సి వచ్చిందో. చెప్పిన ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే ఏడ్చేవాడు. సుగుణకు అది చూడ చేతకాలేదు. ఆ సరికి ల్యాబులో జ్ఞాపకాల చిప్పు సగం సగంగా ఉంది. ఆమె కమిటీల చుట్టూ తిరిగి, సంతకాలు పెట్టించి, తొలి వాలంటీరుగా భర్తనే కూర్చోబెట్టింది. బల్ల మీద చేత్తో చేసిన ఒకే ఒక్క చిప్పు అది. నిద్రపోతే ఆగిపోతుందేమోనన్న భయంలో ఆమె పెట్టిన పేరే, నిద్రలో ఆపవద్దు.

అది పని చేసింది. అదెంత బాగా పని చేసిందంటే, కొన్నాళ్ళకు ఇంట్లో ఎవరూ దాని మాటే ఎత్తడం మానేశారు. జయరాజ్ మళ్ళీ బేకరీకి వెళ్ళాడు. వాళ్ళకు కూతురు పుట్టింది. హెప్సిబా అని పేరు పెట్టుకున్నారు. నర్సరీ అయి ఒకటో తరగతికి వచ్చింది. జయరాజ్ పడుకునే ముందు తలకు పెట్టుకునే చార్జింగ్ టోపీ మీద ఆ పిల్ల స్టిక్కర్లు అంటించింది. దానికది నాన్న టోపీ, అంతే. సుగుణకూ అంతే.

ఆ టోపీ ల్యాబు విడుదల చేసే ప్రతి కొత్త డ్రైవర్‌నూ తనంత తాను తెచ్చుకుని చిప్పులోకి ఎక్కిస్తుంది. పేరు మార్చిన డ్రైవర్ విడుదలయ్యాక, ఆదివారం మధ్యాహ్నం కూడా అదే చేసింది.

ఆ రోజు చర్చి నుంచి వచ్చి బిర్యానీ తిన్నారు. వేకువనే లేచే మనిషి కనక జయరాజ్ మధ్యాహ్నం ఒక కునుకు తియ్యక మానడు. టోపీ పెట్టుకుని దివాను మీద ఒరిగాడు. సుగుణ గిన్నెలు సర్దుతోంది. హెప్సీ కింద కూర్చుని రంగులు వేస్తోంది. కాసేపటికి అతను లేచి, కళ్ళు నులుముకుని, కూతుర్ని చూసి గట్టిగా నవ్వాడు.

"ఏయ్, హెప్సీ! గింత పెద్దగెప్పుడైనవ్ రా? సుగుణా, దీనికి పండ్లన్నీ ఎప్పుడొచ్చినయ్?"

హెప్సీకి అది ఆటనిపించింది. నోరు బార్లా తెరిచి, ఊడిపోయిన ముందు పన్ను చోటు చూపించింది. "ఒకటి పోయింది గూడ డాడీ! నువ్వే గదా దారం కట్టి గుంజినవ్!"

"నేనా?" అన్నాడు జయరాజ్. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది గానీ కళ్ళలో లేదు. "మొన్ననే గదనే నువ్వు గోడ పట్టుకొని నడిచింది."

సుగుణ గిన్నె కింద పెట్టేసింది. టోపీ తీసుకుని తన ఫోనులో చూసింది. కొత్త డ్రైవర్ ఎక్కింది. అది చిప్పులోని పేర్లు చదివింది. ఒక పేరు తెలియలేదు, దాటిపోయింది. మనిషి నిద్రపోయాడు, అలవాటు ప్రకారం కరెంటు ఆపింది. ఎక్కడా తప్పు జరిగినట్టు ఒక్క ముక్క రాయలేదు. దాని లెక్కలో తప్పేమీ జరగలేదు మరి.

ఆ చిప్పులో కరెంటు ఉన్నంతసేపే జ్ఞాపకం ఉంటుంది. ఆగితే కొత్తవి ముందు చెరుగుతాయి, తర్వాత పాతవి. కునుకు చిన్నది కాబట్టి కొన్నేళ్ళే పోయాయి. మిగిలింది కూడా బలం లేకుండా అంటిపెట్టుకుని ఉంది. ఇంకొక్కసారి నిద్రపోతే, ఎంత కొద్దిసేపైనా సరే, గ్యాసు లీకైన రోజు తర్వాతిది ఏదీ మిగలదు. నకలు తీసి దాచే దారి లేదు. ఆ అల్లిక ఆ ఒక్క మెదడుకే అర్థమవుతుంది.

"రాజూ, లే. ల్యాబుకు పోదాం. నువ్వు పండుకోవద్దు. ఏమైనా సరే పండుకోవద్దు."

"ఏమైంది సుగుణా?"

"నా తప్పైంది," అంది ఆమె. దారిలో అంతా చెప్పింది. అతను కారు కిటికీ దించి మొహానికి గాలి తగలనిస్తూ విన్నాడు. అంతా విని, వెనక సీట్లో ఉన్న కూతురి వైపు తిరిగి, దాని చెంపలూ జుట్టూ కొత్తగా చూసినట్టు చూశాడు.

"నాకు గింత పిల్లగనే యాదికుంది," అని చేత్తో కొలత చూపించాడు. "గిది గూడ పోతదా?"

"పోదు."

"పోతే?"

"పోనియ్య," అంది సుగుణ.

సుగుణ ఫోను అందుకుని భానుమూర్తిగారు వాళ్ళకంటే ముందే వచ్చి మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఇస్త్రీ లేని చొక్కా, ఇంట్లో వేసుకునే చెప్పులు. పాత డ్రైవర్‌ను తిరిగి ఎక్కిస్తే సరిపోతుంది కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. చిప్పు ఒప్పుకోదు. ఎవరూ పాత లోపాలున్న ప్రోగ్రాము ఎక్కించి మనిషికి హాని చెయ్యకుండా వెనక్కి పోయే దారిని ల్యాబు వాళ్ళే మూసేశారు. చిప్పులో చెక్కిన పేరు మార్చాలంటే మళ్ళీ తల కొయ్యాలి. మిగిలింది ఒకటే, రెండు పేర్లనూ గుర్తుపట్టే కొత్త డ్రైవర్ రాసి, పరీక్షకు పెట్టి, ఇద్దరూ ఆమోదించి ఎక్కించడం.

"పాత పేరుతో బయట ఏదీ లేదన్నావు కదమ్మా," అన్నారు భానుమూర్తిగారు లోపలికి నడుస్తూ. నిష్ఠూరంగా కాదు, అర్థంకాక అన్నారు.

"పరికరాలున్నయా అని అడిగిన్రు సార్ మీరు," అంది సుగుణ. "పరికరాలే లెక్కపెట్టిన. నా మొగుణ్ణి పరికరాల్ల ఎట్ల లెక్కపెడత?"

"అతని చేతి బిస్కెట్టు తింటూనే పీకెయ్యమన్నాను," అన్నారు భానుమూర్తిగారు. "పద, పని చూద్దాం."

లోపలి గదికి అద్దాల తలుపు. బయట వరండాలో పొడుగాటి బెంచీ. వరండా చివర సెక్యూరిటీ యాదగిరి కుర్చీ. సుగుణ రాస్తూ మధ్య మధ్యలో తలెత్తి చూసేది. జయరాజ్ వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. హెప్సీ అతని వేలు పట్టుకుని వెంట నడుస్తోంది. ఆ పిల్లకు అసలు సంగతి చెప్పలేదు. డాడీని పండుకోనియ్యకు, మాట్లాడిస్తనే ఉండు అని మాత్రమే చెప్పింది సుగుణ. ఆ పిల్ల ఆ పనిని చాలా గొప్పగా తీసుకుంది.

రాయాల్సింది ఎంతో లేదు. తీసేసిన నాలుగు వరసలు మళ్ళీ పెట్టడమే. భానుమూర్తిగారు ఒక్కో అక్షరం వేలితో చూపిస్తూ చదివారు. ఈసారి కళ్ళజోడు తియ్యలేదు. పరీక్ష యంత్రానికి ఎక్కించాక సుగుణ వరండాలోకి పరుగెత్తుకొచ్చింది.

జయరాజ్ కళ్ళు ఎర్రబడ్డాయి. ఉండాల్సిన చోట లేనిదాన్ని వెతుక్కుని వెతుక్కుని ఆ మెదడు అలిసిపోతుంది. అలిసిన మెదడుకు నిద్ర తన్నుకొస్తుంది. చిప్పు పెట్టిన కొత్తలో ఆమె అది చూసింది. యాదగిరి ఎక్కడినుంచో చిక్కటి చాయ్ తెచ్చి ఇచ్చాడు.

"డాడీ ఒక్కసారి గూడ పండుకోలే మమ్మీ," అంది హెప్సీ. "నేను ప్రశ్నలడుగుతున్న. నా టీచర్ పేరడిగితే డాడీకి రాలే. నా చెప్పుల కలర్ గూడ కళ్ళు మూసుకొని చెప్పమన్న, రాలే."

"మరి ఏమొచ్చింది?" అని అడిగింది సుగుణ.

"నేను పుట్టింది వచ్చింది!"

జయరాజ్ నవ్వాడు. "గది మంచిగ యాదికుంది. పొయ్యి కాడికెల్లి ఆస్పత్రికి అట్లనే ఉరికొచ్చిన గదా. చెవులెంట, మీసాలెంట అంతా మైదా. నర్సు నా చేతుల పెట్టంగనే ఇది ఒక్క తుమ్ము తుమ్మింది. గంత చిన్న ముక్కుకెల్లి గంత పెద్ద తుమ్ము. నర్సమ్మ నన్ను తిట్టుడు తిట్టింది, చేతులు కడుక్కొని రాపో అని."

"మళ్ళీ చెప్పు," అంది హెప్సీ. అతను మళ్ళీ చెప్పాడు. ఈసారి తుమ్ము ఇంకా పెద్దదైంది. సుగుణ అతని పక్కనే నడుస్తూ ఆ మాటలు వింది. అతని చెయ్యి పట్టుకుంది. ఆ చేతికి వేళ్ళ మొదళ్ళలో బేకరీ ట్రేల వేడికి కాయలు కాసి ఉన్నాయి. ఆమెకు ఏడుపొచ్చింది గానీ పిల్ల ముందు ఏడవలేదు.

తలుపు సందులోంచి భానుమూర్తిగారు పిలిచారు. పరీక్ష అయిపోయింది. ఇక ఆమోదం. ఇద్దరు మనుషులు రెండు యంత్రాల ముందు నిలబడి, ఒకేసారి తమ తమ కార్డులు పెట్టి, తెర మీద వచ్చేదంతా చదివి ఒప్పుకోవాలి. ఒక్కరి తొందరపాటుతో మనిషి తలలోకి ఏదీ వెళ్ళకూడదని పెట్టుకున్న పద్ధతి అది. ఆ పద్ధతి రాసిన వాళ్ళలో సుగుణ కూడా ఉంది.

"కొద్దిసేపే," అంది ఆమె భర్తతో. "కూర్చోకు. నడుస్తనే ఉండు. హెప్సీ, ఇంగ కొంచెమే అమ్మా, డాడీని మాట్లాడియ్యి."

"నేనున్న గదా," అంది హెప్సీ.

లోపల తెర మీద ఒక్కో పుట వస్తోంది. భానుమూర్తిగారు చదువుతున్నారు, ఆమె చదువుతోంది. చదవకుండా నొక్కుదామని చూస్తే యంత్రం ఒప్పుకోదు. చివరి పుటలో రెండు పేర్లూ ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. కొత్త పేరు పైన, పాత పేరు కింద. ఇద్దరూ నొక్కారు. యంత్రం పచ్చ రంగుకు మారింది. సుగుణ ఎక్కించే టోపీ తీసుకుని తలుపు తోసుకుని బయటికి వచ్చింది.

వరండాలో నడక చప్పుడు లేదు.

జయరాజ్ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. హెప్సీ అతని ఒళ్ళో అడ్డంగా పడుకుని ఉంది, నోరు కొద్దిగా తెరిచి, గాఢ నిద్రలో. అతని తల గోడకు ఆనింది. కళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒక చెయ్యి పిల్ల వీపు మీద ఉంది.

యాదగిరి లేచి నిలబడ్డాడు. ఏదో పొరపాటు జరిగిందని అతనికి ఆమె మొహం చూశాకే అర్థమైంది. "పాపకు కాళ్ళు నొచ్చినయంటే సారు ఎత్తుకున్నడమ్మా," అన్నాడు. "ఎత్తుకోంగనే పండుకున్నది. నేను పోయి తీసుకుంటనంటె, సారు వద్దని చెయ్యూపిండు. కదిపితె లేస్తదన్నడు. కదలకుండ కూసున్నడు. ఇప్పుడిప్పుడేనమ్మా, కళ్ళు మూసుకున్నడు."

"రాజూ," అంది సుగుణ. భుజం పట్టుకుని ఊపింది. "రాజూ!"

అతను కళ్ళు తెరిచాడు. ఆమెను చూసి గుర్తుపట్టాడు. పెళ్ళయిన కొత్తలో ఆమెను చూసినప్పుడు ఎలా వెలిగేదో ఆ మొహం అలాగే వెలిగింది. తర్వాత అతను వరండా చూశాడు, గోడలు చూశాడు. ఒళ్ళో బరువుకేసి కిందికి చూశాడు.

"సుగుణా," అన్నాడు చాలా మెల్లగా. "యాడున్నం మనం? ఈ పాప ఎవరు?"

"రాజూ!" అంది ఆమె ఇంకోసారి, గట్టిగా.

"మెల్లగ మాట్లాడు," అన్నాడతను మళ్ళీ. "మంచిగ పండుకున్నది పిల్ల. లేస్తది."

వెనకాల భానుమూర్తిగారు అద్దాల తలుపు దగ్గరే ఆగిపోయారు. సుగుణ మోకాళ్ళ మీద కూర్చుని టోపీ అతని తలకు పెట్టింది. డ్రైవర్ ఎక్కింది. చిప్పులోని పేర్లన్నీ చదివింది. ఈసారి ఏ పేరునూ దాటిపోలేదు. ఇక మీదట అతను ఎంతసేపు నిద్రపోయినా కరెంటు ఆగదు. దాచుకోవడానికి లోపల ఏమీ మిగల్లేదు, అంతే.

ఆ కదలికకు హెప్సీ లేచింది. లేస్తూనే ఉలిక్కిపడి తండ్రి మొహంలోకి చూసింది. తను నిద్రపోయానని దానికి తెలిసిపోయింది. పెదవి వంకర పోయింది, కళ్ళలో నీళ్ళు వచ్చేశాయి.

"డాడీ, నువ్వు పండుకున్నవా?"

ఆ పిలుపు వినగానే జయరాజ్ తలెత్తి సుగుణ వైపు చూశాడు. ఆమె మొహంలో అతనికి ఏం కనిపించిందో గానీ, చాలాసేపు చూశాడు. ఆ తర్వాత తనకు తెలియని ఆ పిల్ల మొహంలోకి చూశాడు. భయపడ్డ పిల్లలతో ఎలా మాట్లాడాలో అతనికి తెలుసు, అది చిప్పులో ఉండేది కాదు.

"లేదమ్మా," అన్నాడు. "పండుకోలే."

"నిజంగ?"

"నిజంగనే."

హెప్సీ కళ్ళు తుడుచుకుంది. పెద్ద పని పూర్తి చేసినదానిలా ఊపిరి వదిలి తల్లి వైపు తిరిగింది. "చూసినవా మమ్మీ? డాడీని నేనే పండుకోనియ్యలే."

"అవును బంగారం," అంది సుగుణ. "నువ్వే పండుకోనియ్యలే."